బొంతకు దక్కిన గౌరవం

నిజామాబాదు నుండి గోదావరిని దాటి, భోపాలపట్నం, బీజాపూరుల మీదుగా జగదల్‌పూరు చేరే రహదారిపై ఉన్నది బస్తరు సీమలోని గీదం. ఆ దారిలో మన ‘బొంత’ పేరు మారి ‘కథరీ’ అవుతుంది. పని మాత్రం మారదు. పాతబడిన చీరలను, ధోవతులను పొరలుగా పరచి, సూదితో కుట్టి, చలికి కప్పుకొంటారు. కుట్టిన ఇల్లాలి పేరు ఏ బొంత మీదా ఉండదు.

అమెరికాలోని అలబామా రాష్ట్రంలో గీస్ బెండ్ అనే నల్లజాతివారి పల్లెలోనూ ఒకప్పుడు ఇదే స్థితి. 1942లో అక్కడ మిస్సూరి పెట్‌వే అనే స్త్రీ, మరణించిన భర్త పనిబట్టలను కత్తిరించి, కుమార్తె ఆర్లోంజియా సాయంతో ఒక బొంత కుట్టింది. ఆయన జ్ఞాపకాన్ని కప్పుకొని నిద్రించాలన్నదే ఆమె కోరిక. పొలం పనిలో వెలిసిన గుడ్డలే దానికి రంగులు.

1966లో ఆ ప్రాంతపు స్త్రీలు బొంతల సహకార సంఘం ఏర్పరచుకొన్నారు. 2002లో హ్యూస్టన్ కళామందిరం గీస్ బెండ్ బొంతలను చిత్రపటాలవలె గోడలకు అలంకరించి, కుట్టినవారి పేర్లను లోకానికి తెలిపింది. 2006లో ఆ బొంతల బొమ్మలతో 10 తపాలా బిళ్ళలు వెలువడ్డాయి. మిస్సూరి కుట్టిన ఆ ఒక్క బొంతపైనే 2023లో లీసా గెయిల్ కాలిన్స్ అనే ఆచార్యురాలు ఒక గ్రంథం ప్రచురించింది.

గీదంలోనైనా, గోదావరి ఒడ్డునైనా, పాత బొంతను మడిచి పెట్టేముందు దానిని కుట్టినవారి పేరు పిల్లలకు చెప్పడానికి కళామందిరంతో పని లేదు.