పెరటి కూరగాయలకు కోళ్ల ఎరువు

కోళ్ల పెంటను రైతులు “వేడి ఎరువు” అందురు. ఆ మాట నిజమే. అందుచేత కొందరు దానిని పెరటిలోనికి రానీయరు. మరికొందరు గూడు ఊడ్చిన వెంటనే తెచ్చి మొక్కల మొదట పోయుదురు. రెండును పొరపాటే. మాగబెట్టి వాడినచో పెరటితోటకు ఇంతకు మించిన ఎరువు అరుదు.

ఉద్యోగములో చేరిన తొలి ఏట నేనును ఆ రెండవ పొరపాటు చేసితిని. వంగ నారు నాటిన 10వ నాడు పచ్చి పెంటను మొక్కకు దోసెడు చొప్పున వేసితిని. వారము తిరుగకుండ ఆకుల అంచులు మాడినవి. 40 మొక్కలలో 11 మాత్రమే బ్రతికినవి. ఆ ఏడు మా ఇంట వంకాయలు కొని తిన్నాము.

ఎందుకు ఇంత ఘాటు?

కోడికి మూత్రము వేరుగా రాదు. అందలి నత్రజని కూడ రెట్టపై తెల్లగా కనబడు యూరిక్ ఆమ్లము రూపమున బయటపడును. పశువుల మూత్రము చాలవరకు కొట్టపు నేలలో ఇంకిపోవును. ఇక్కడ ఆ నష్టము లేదు. పశువుల ఎరువులో నత్రజని నూటికి సుమారు అర పాలు ఉండగా, కోళ్ల ఎరువులో సుమారు 3 పాళ్లు కలదు. భాస్వరము 2 పాళ్లకు పైన, పొటాషు 1 పాలుకు పైన ఉండును.

అయితే తడి తగిలిన పెంటలో ఈ నత్రజని త్వరగా అమ్మోనియాగా మారును. కండ్లు మండించు వాసన అదే. వేళ్లను కాల్చునదియు అదే. పెంటను ఆరుబయట వదలినచో 30 దినములలో సగము వరకు నత్రజని గాలిలో కలిసిపోవచ్చును.

మాగబెట్టు విధానము

నీడపట్టున, నీరు నిలువని చోటు చూడవలెను. ఒక గంప పెంటకు రెండు గంపల ఎండుటాకులు లేక తరిగిన గడ్డి చొప్పున పొరలుగా వేసి, ప్రతి పొరపై పలుచగా మట్టి చల్లవలెను. కుప్ప 3 అడుగుల ఎత్తుండవలెను. పిడికిట పట్టి పిండిన చేయి తడియవలెను గాని నీరు కారరాదు. కొద్ది దినములలో కుప్ప లోపల బాగుగ వేడెక్కును. ఆ వేడికి రోగక్రిములు, కలుపు గింజలు చాలవరకు చచ్చును. వారమునకొకసారి వెలుపలిది లోపలికి పోవునట్లు తిరుగవేయవలెను. బూడిద గాని సున్నము గాని కలుపరాదు. అవి అమ్మోనియాను మరింత తరిమివేయును.

2, 3 నెలలకు ఎరువు నల్లబడి మట్టివాసన వేయును. అనుమానమున్నచో 3 పాళ్ల మట్టికి 1 పాలు ఎరువు కలిపి, కుండలో పది ముల్లంగి గింజలు చల్లి చూడుడు. మొలకలు పచ్చగా నిలిచినచో ఎరువు సిద్ధమైనట్లే.

మోతాదు

సెంటు మడికి 20 కిలోలు చాలును. విత్తుటకు లేక నాటుటకు రెండు వారములు ముందుగా చల్లి మట్టిలో కలుపవలెను. వంగ, బెండ, టమాటలకు నెల తరువాత మొక్కకు గుప్పెడు చొప్పున, మొదలుకు జానెడు ఎడముగా వేసి నీరు పెట్టవచ్చును. హెచ్చినచో ఆకు దట్టమగును గాని కాయ తగ్గును. చిక్కుడుకు సగము మోతాదు చాలును.

పది కోళ్లు దినమునకు సుమారు ఒక కిలో పచ్చి పెంట ఇచ్చును. ఎండిన పిమ్మట అది ఏడాదికి 90 కిలోల వరకు తేలును. రెండు సెంట్ల పెరటికి రెండు పంటలకు ఇది సరిపోవును.

ముఖ్య జాగ్రత్త

పచ్చి పెంటలో మనుష్యులకు విరేచనములు కలిగించు క్రిములుండును. కావున కొత్తిమీర, ముల్లంగి, ఆకుకూరల మడులలో మాగిన ఎరువే వాడవలెను. పచ్చిది వేసిన నేలలో 4 నెలల వరకు వీటిని కోయరాదు. ఎరువు ముట్టిన చేతులు సబ్బుతో కడుగుకొనవలెను. పిల్లలు తిను కూర గనుక ఈ విషయమున అశ్రద్ధ కూడదు.

వాసన పోవువరకు ఓపిక పట్టుడు. ఆ పిమ్మటనే ఎరువును మడిలోనికి చేర్చుడు.