ఇతర సంఘముల యారాధన

గడచిన వేసవి సెలవులలో మేము సకుటుంబముగా మూడు ఆదివారములు మూడు దేవాలయములకు పోయితిమి. మేము లూథరనులము, పసిబిడ్డలకును బాప్తిస్మ మిత్తుము. బాప్తిస్టులు విశ్వాసము నొప్పుకొనిన వారినే నీట ముంచుదురు. తొట్టిలో మునిగి లేచిన యొక వృద్ధుని జూచి మా చిన్నది నా చేయి గట్టిగా పట్టుకొనెను.

ఆంగ్లికనులు, మెథడిస్టులు, ప్రెస్బిటేరియనులు, కాంగ్రిగేషనలిస్టులు కలియగా 1947 సెప్టెంబరు 27న చెన్నపట్టణమున ఏర్పడినది దక్షిణ ఇండియా సంఘము. అచ్చటి క్రమము పిల్లలకు కొత్తగా దోచలేదు.

కతోలిక దేవాలయమున సత్ప్రసాద మిచ్చునపుడు మేము లేవలేదు. "అదియు ప్రభువు బల్లయే గదా, నాయనా?" యని చిన్నది యడిగెను. సంస్కారమున ప్రభువు సాన్నిధ్యమును మనమును నమ్ముదుము. కాని దానిని పుచ్చుకొనుట వారి సభతో పూర్ణైక్యమునకు గుర్తు, అది మన కింకను లేదని చెప్పితిని. చిన్నది తృప్తిపడలేదు. నేనును పడలేదు.