పండగకు పనికొచ్చే ప్రకటన

2013 మహా కుంభమేళా. అలహాబాదులో ధాబాల్లో భోజనానికి కూర్చున్న యాత్రికులకు వడ్డించిన మొదటి రొట్టె మీద కాలిన అక్షరాలు కనిపించేవి. ‘లైఫ్‌బాయ్‌తో చేతులు కడుక్కున్నారా?’ అని హిందీలో ఒక ప్రశ్న. సిరా లేదు, రంగు లేదు. వేడి చేసిన అచ్చును రొట్టె మీద అద్దితే పడిన ముద్ర అది. వందకు పైగా ధాబాల్లో, సుమారు 25 లక్షల రొట్టెల మీద ఈ ప్రశ్న వేశారు. ఆ ధాబాల్లో చేతులు కడుక్కునే చోట సబ్బులు కూడా పెట్టారు. కోట్లమంది చేరే జాతరలో అందరినీ వెంటాడే భయం రోగాలది. చేతులు కడుక్కోమని హోర్డింగు మీద రాస్తే చూసేవాళ్ళు చూస్తారు, తలతిప్పుకుని పోయేవాళ్ళు పోతారు. రొట్టె తుంచబోతున్న చేతి ముందే రాస్తే ఆ చెయ్యి ఒక్క క్షణం ఆగాల్సిందే. సబ్బు అవసరమైన క్షణం, సబ్బు గుర్తొచ్చిన క్షణం, సబ్బు అందిన క్షణం మూడూ ఒకటే కావడంలో ఉంది ఆ ప్రచారం గొప్పదనం.

మన దగ్గర దసరా వారం ముందు నుంచీ పత్రికల మొదటి పేజీలు కనిపించవు; వాటి మీద మరో నాలుగు పేజీల ప్రకటనలు కప్పి ఉంటాయి. టీవీ పెడితే దీపాలు, పట్టు చీరలు, ఊరి నుంచి దిగిన కొడుకు, కళ్ళు తుడుచుకునే బామ్మ, ఆఖరి రెండు సెకన్లలో కంపెనీ పేరు. ఆ పేరు తీసేసి పెయింట్ల కంపెనీ పేరు పెట్టినా, ఫోన్ల కంపెనీ పేరు పెట్టినా కథ చెడదు. చెడనప్పుడు ఆ కథతో ఆ కంపెనీకి సంబంధం లేనట్టే. పండగ ప్రచారాల్లో ఏళ్ళ తరబడి నిలిచినవాటిని వరసగా చూస్తే నాకు కనిపించేది ఒకటే. అవన్నీ పండగలో ఎక్కడో ఉన్న ఒక లోటును పట్టుకుని, దాన్ని తీర్చే పని చేశాయి. పండగను వాడుకోవడానికి వచ్చినవి పండగతోపాటే పోయాయి. పండగకు పనికొచ్చినవి మాత్రం ఉండిపోయాయి.

ఇందుకు జపాన్‌ను మించిన ఉదాహరణ లేదు. ఆ దేశ జనాభాలో క్రైస్తవులు నూటికి ఒక్కరు. డిసెంబరు 25న అక్కడ సెలవు కూడా లేదు. అయినా క్రిస్మస్ అలంకారాలు, కేకులు, బహుమతులు పట్టణాల్లో 1970ల నాటికే అలవాటయ్యాయి. ఆ రోజు ఇంటిల్లిపాదీ కూర్చుని తినాల్సింది ఏమిటన్న దానికి మాత్రం జవాబు లేదు. పాశ్చాత్యుల టర్కీ కోడి అక్కడ దొరకదు, దొరికినా దాన్ని కాల్చేంత పెద్ద ఓవెన్లు ఆ ఇళ్ళలో ఉండవు. 1970లో జపాన్‌లో అడుగుపెట్టిన కేఎఫ్‌సీ (కెంటకీ ఫ్రైడ్ చికెన్), 1974లో ‘క్రిస్మస్‌కి కెంటకీ’ అంటూ దేశమంతటా ప్రచారం మొదలుపెట్టింది. దుకాణాల ముందున్న తన స్థాపకుడు కర్నల్ శాండర్స్ బొమ్మలకు శాంతాక్లాజ్ దుస్తులు తొడిగింది. చికెన్ బకెట్టు ఆ రాత్రి భోజనమైపోయింది. ఇప్పటికీ అక్కడ వారాల ముందే ఆర్డరిచ్చుకుంటారు. పండగ ఉంది, పండగ వంట లేదు అన్న లోటును చూడగలగడమే ఇక్కడి తెలివి. వంట స్థిరపడిన చోట, మన సంక్రాంతి అరిసెల పక్కన, ఇదే బకెట్టును ఇదే ధీమాతో పెడితే ఎవరూ కన్నెత్తి చూడరు.

లోటును పట్టుకోవడానికి జపాన్ దాకా పోనక్కరలేదు. మన ఆషాఢం సేల్‌ను ఎవరూ అవార్డులకు పంపలేదు గానీ, తెలుగు నేల మీద పుట్టిన ప్రచారాల్లో అంత లోతైన ఆలోచన అరుదు. ఆషాఢంలో ముహూర్తాలు ఉండవు. కొత్త కోడలు పుట్టింటికి పోతుంది, అత్తా అల్లుడూ ఒకే గడప దాటకూడదంటారు. పెళ్ళి బట్టల బేరం ఉండదు. బట్టల దుకాణంలో కౌంటరు వెనక జీతగాళ్ళు ఖాళీగా నిలబడాలి, కిందటి సీజను సరుకు అరల్లో మూలుగుతుండాలి. వచ్చే శ్రావణంలో వరలక్ష్మీ వ్రతం, దాని చుట్టూ పెళ్ళిళ్ళు; ఆ కొత్త సరుకుకు చోటు కావాలి. అందుకని వ్యాపారులు ఆ నెలకే తగ్గింపు ధరలు కట్టారు. తమిళనాట ఆడి నెల తగ్గింపు ‘ఆడి తళ్ళుపడి’ది కూడా ఇదే దారి. తగ్గింపు అందరూ ఇస్తారు; ఆషాఢం సేల్ మాత్రం కొనేవాళ్ళ అవసరానికీ సరిగ్గా అతికింది. పండగ సీజను ధరలు అందని కుటుంబం ఆ నెలలో నాలుగు చీరలు ఎక్కువ కొనుక్కోగలిగింది. శ్రావణంలో పెళ్ళి పెట్టుకున్నవాళ్ళు పెట్టుపోతల బట్టలు ముందే తెచ్చుకున్నారు. తెలంగాణలో అదే నెలలో బోనాలు, అక్కడ కొత్త బట్ట కావాల్సిన ఇళ్ళు ఎన్నో. ఇందులో బామ్మ కన్నీళ్ళు లేవు, కథ లేదు. కిలోల లెక్కన చీరలు తూచి ఇస్తామన్న బోర్డూ, ఆ బోర్డు ముందు క్యూ. బేరం లేని నెలకు బేరం తెచ్చిన ఈ ఆలోచనను మేనేజ్‌మెంటు కాలేజీల్లో పాఠంగా చెప్పాలి.

ఇలాంటివన్నీ పెద్ద డబ్బుతో అయ్యే పనులు, చిన్నవాళ్ళకు ఎలా సాధ్యం అని అడగవచ్చు. క్రిస్మస్ కథల్లోకెల్లా పేరు మోసిన ఒక పాత్ర ఖర్చు తగ్గించుకోవడంలోనే పుట్టింది. అమెరికాలో షికాగో కేంద్రంగా మాంట్‌గొమరీ వార్డ్ అనే దుకాణాల సంస్థ ఉండేది. ఏటా క్రిస్మస్‌కి పిల్లలకు పంచడానికి రంగులద్దుకునే పుస్తకాలు బయట కొనేది. 1939లో, కొనడమెందుకు, మనమే ఒక కథ రాసి అచ్చేయిద్దాం అనుకున్నారు. సంస్థలో ప్రకటనలు రాసే ఉద్యోగి రాబర్ట్ మే ఆ పని మీదేసుకున్నాడు. ఆ వేసవిలోనే ఆయన భార్య క్యాన్సర్‌తో పోయింది. రాయడం మానుకోమన్నా వినకుండా పూర్తిచేశాడు. ఎర్రటి ముక్కు ఉన్నందుకు తోటి జింకలన్నీ వెక్కిరించే జింక పిల్ల, మంచు కమ్మిన రాత్రి ఆ ముక్కు వెలుగుతోనే శాంతా బండికి దారి చూపిస్తుంది. అదే రుడాల్ఫ్. ఎర్ర ముక్కంటే జనానికి తాగుబోతులు గుర్తొస్తారని పైవాళ్ళు వెనకాడితే, బొమ్మలేసే సహోద్యోగిని జంతుప్రదర్శనశాలకు తీసుకెళ్ళి జింకల బొమ్మలు గీయించి ఒప్పించాడు. ఆ ఒక్క ఏడాది 24 లక్షల ప్రతులు ఉచితంగా పంచారు. తర్వాత సంస్థ కథ హక్కులను రాబర్ట్‌కే ఇచ్చేసింది. 1949లో పాటయ్యాక రుడాల్ఫ్ ప్రపంచమంతా తెలిసింది. ఆ దుకాణాలు మూతపడి ఏళ్ళయింది, జింక మాత్రం బతికే ఉంది. ఆ పుస్తకంలో ఏ వస్తువునూ కొనమని లేదు. పండగ పూట పిల్లల చేతికి ఏదైనా ఇవ్వాలన్న తల్లిదండ్రుల కోరికను అది తీర్చింది. అంతకు మించి దాని చేత ఏ పనీ చేయించబోలేదు, అందుకే అది ఇంట్లో చోటు సంపాదించుకుంది.

మన కాలంలో దీనికి దీటుగా నిలిచేది 2021 దీపావళికి క్యాడ్‌బరీ చేసిన పని. కరోనా దెబ్బకు వీధి చివర దుకాణాలు కుదేలై ఉన్నాయి. పెద్ద షాపులకు, ఆన్‌లైన్ సంస్థలకు సినీతారల ప్రకటనలున్నాయి. కిరాణా కొట్టుకు, చెప్పుల షాపుకు ఎవరున్నారు? షారుక్ ఖాన్ ముఖాన్నీ గొంతునూ కృత్రిమ మేధతో మలిచి, చూసేవాళ్ళ ప్రాంతాన్ని బట్టి దగ్గర్లోని దుకాణం పేరు ఆయన నోట పలికించారు. దుకాణదారులు తమ పేరుతో సొంతంగా ప్రకటన తయారుచేసుకునే వీలూ కల్పించారు. చాలామంది ఇందులో సాంకేతికతను చూసి అబ్బురపడ్డారు. నాకు మాత్రం అసలు విషయం అందులో లేదనిపిస్తుంది. 2024లో కోకాకోలా తన పాత క్రిస్మస్ లారీల ప్రకటనను కృత్రిమ మేధతో మళ్ళీ తీసినప్పుడు జీవం లేదని చాలామంది పెదవి విరిచారు. ఇంచుమించుగా రెండు చోట్లా ఉన్నది అదే తరహా సాధనం. క్యాడ్‌బరీ దాంతో ఒక దుకాణదారుకు చేయూతనిచ్చింది, కోకాకోలా ఉన్న బొమ్మనే మళ్ళీ గీసింది. పైగా చాక్లెట్ డబ్బాలు అమ్ముడుపోవాల్సింది ఆ చిన్న కొట్లలోనే. మేలు చేయడం, వ్యాపారం చేసుకోవడం రెండూ ఒకే దారిలో నడిచాయి.

నా వాదనకు గట్టి అభ్యంతరం బ్రిటన్ నుంచి వస్తుంది. జాన్ లూయిస్ దుకాణాలు ఏటా క్రిస్మస్‌కి ఒక చిన్న సినిమా తీస్తాయి, అందులో కథ తప్ప ఏమీ ఉండదు, అయినా దేశమంతా దానికోసం ఎదురుచూస్తుంది కదా అని. నిజమే. కానీ 2011 నాటి సినిమాను జాగ్రత్తగా చూడండి. ఒక చిన్న పిల్లాడు పండగ ఎప్పుడొస్తుందా అని గడియారం చూస్తూ, భోజనం గబగబా మింగుతూ, నిద్రపట్టక దొర్లుతూ ఉంటాడు. తనకొచ్చే బొమ్మల కోసమే ఆరాటపడుతున్నాడనుకుంటాం. తెల్లారాక తన బహుమతుల కుప్పను దాటిపోయి, అల్మారాలోంచి తను వంకరటింకరగా కాగితం చుట్టిన పెట్టె తీసి అమ్మానాన్నలకు ఇస్తాడు. అది బహుమతులు అమ్మే దుకాణం. ఇచ్చేవాడి సంతోషాన్ని అంత శ్రద్ధగా చూపించడంతో, జనం డబ్బు ఖర్చుపెట్టే ఆ గజిబిజి నెలకు ఒక అర్థం చెప్పింది. ఆ కథలో మరో కంపెనీ పేరు అతికించలేరు. కన్నీళ్ళతో నాకు తగాదా లేదు. ఆ కన్నీళ్ళకూ అమ్మే వస్తువుకూ మధ్య దారం ఉండాలంటున్నాను.

ఇక రెండో అభ్యంతరం నైతికమైనది. లోటు పూడ్చడమనే పేరుతో వ్యాపారులు కొత్త ఆచారాలు పుట్టించి జనం నెత్తిన రుద్దరా? రుద్దుతారు, రుద్దారు కూడా. వైశాఖ శుద్ధ తదియ మనకు ప్రధానంగా దానాల రోజు. ఎండ మండే నెలలో నీళ్ళ కుండలు, విసనకర్రలు, మజ్జిగ ఇచ్చేవారు. సింహాచలంలో ఏడాదంతా చందనం కప్పుకున్న అప్పన్న నిజరూపం చూపేది ఆ రోజే. ఇవాళ అక్షయ తృతీయ అంటే చాలామందికి నగల షోరూం ముందు వరస. ఇవ్వాల్సిన రోజును కొనాల్సిన రోజుగా మార్చిన ప్రచారం అమ్మకాల లెక్కలో పెద్ద విజయమే. కానీ ఆ రోజు కొనకపోతే ఏదో తక్కువవుతుందన్న దిగులును మధ్యతరగతి ఇంట్లోకి తెచ్చి, గ్రాము బంగారం కోసం అప్పు చేయించే ప్రచారాన్ని నేను మెచ్చుకోలేను. ఆషాఢం సేల్‌కు వెళ్ళనివాళ్ళకు ఏ అరిష్టమూ చెప్పలేదు. భయపెట్టకుండా అమ్మగలిగిందా అన్నదే రెంటికీ మధ్య గీత.

సందేశాల ప్రకటనల సంగతి ఇంకాస్త చిక్కు. 2019 హోలీకి సర్ఫ్ ఎక్సెల్ తీసిన ప్రకటనలో తెల్ల బట్టలేసుకున్న పాప సైకిల్ మీద వీధుల్లో తిరుగుతూ పిల్లల చేతుల్లో రంగులన్నీ అయిపోయేదాకా తన మీదే పోయించుకుంటుంది. తర్వాత తెల్ల కుర్తా తొడిగిన ముస్లిం నేస్తాన్ని మరక పడకుండా మసీదు దగ్గర దింపుతుంది. సోషల్ మీడియాలో బహిష్కరణ పిలుపులొచ్చాయి, సంస్థ మాత్రం వెనక్కి తగ్గలేదు. ఏళ్ళ తరబడి ‘మరక మంచిదే’ అని చెప్పుకొచ్చిన బ్రాండుకు ఆ కథ సొంత మాటే. 2020 అక్టోబరులో నగల సంస్థ తనిష్క్, ముస్లిం అత్తవారింట హిందూ కోడలికి సీమంతం చేసే ప్రకటన వేసి, గొడవ రాగానే తీసేసింది. దుకాణాల సిబ్బంది క్షేమం కోసమని చెప్పింది. ఆ కారణం తేలిగ్గా తీసిపారేసేది కాదు. రాళ్ళు పడితే పడేది కౌంటరులో నిలబడ్డ ఉద్యోగి మీద. కాబట్టి సందేశం చెప్పాలనుకునే సంస్థ తుపాను వస్తే నిలబడగలనా అన్నది స్క్రిప్టు రాసే రోజే తేల్చుకోవాలి. సందేశం సంగతి అలా ఉంచితే, మాట ఇచ్చి నిలబెట్టుకోలేకపోతే ఏమవుతుందో ఫ్లిప్‌కార్ట్‌కు 2014 అక్టోబరు 6న తెలిసింది. అంత ఆర్భాటంగా ప్రకటించిన అమ్మకాల రోజున సైటు మొరాయించి, ఆర్డర్లు రద్దయి, మర్నాడు వ్యవస్థాపకులే కొనుగోలుదారులకు క్షమాపణ రాయాల్సి వచ్చింది.

ఈ చిట్టాలో సిబ్బందిని తలచుకున్న ప్రచారం ఒకటుంది. అమెరికాలో థాంక్స్‌గివింగ్ మర్నాటి శుక్రవారం దుకాణాలకు ఏడాదిలో పెద్ద బేరం రోజు. పర్వతారోహణ సామగ్రి అమ్మే ఆర్‌ఈఐ అనే సహకార సంస్థ 2015లో ఆ రోజున తన 143 దుకాణాలూ మూసేసి, జీతమిచ్చి మరీ ఉద్యోగులను కొండలకూ అడవులకూ వెళ్ళమంది. కొనేవాళ్ళకూ అదే మాట చెప్పింది. ఆ తర్వాతి ఏళ్ళలోనూ దాన్ని వదల్లేదు. దసరాకూ సంక్రాంతికీ మన బట్టల షాపుల్లో రాత్రి పొద్దుపోయేదాకా నిలబడి చీరలు విప్పి చూపే ఆడపిల్లలకు పండగ ఎప్పుడో ఏ ప్రకటనా ఇంతవరకూ అడగలేదు.

సంక్రాంతి బడ్జెట్లు రాసుకునే మార్కెటింగ్ మిత్రులకు ఒక విన్నపం. పండగ ముందు రెండు మూడు రోజులు హైదరాబాదు నుంచి విజయవాడ వైపు బయల్దేరే జనాన్ని చూడండి. పంతంగి టోల్‌గేటు దగ్గర కార్లు బారులు తీరతాయి. పసిపిల్లలకు పాలు, ఆడవాళ్ళకు శుభ్రమైన మరుగుదొడ్డి, పెద్దవాళ్ళకు మంచినీళ్ళు దొరకవు. పత్రిక మొదటి పేజీకి పెట్టే డబ్బులో కొంత ఆ దారి మీద పెట్టండి. ఆ సదుపాయాల మీద మీ పేరు ఎంత పెద్ద అక్షరాలతో రాసుకున్నా ఎవరూ అభ్యంతరం చెప్పరు.