గోతిలోకి దిగనన్న మనిషి

ఇల్లు కట్టి చూడు, పెళ్ళి చేసి చూడు అన్నారు పెద్దలు. రెండూ చేసినవాణ్ణి గనుక చెబుతున్నాను: పెళ్ళిలో జరిగిన తప్పులు చుట్టాలు గుర్తుపెట్టుకుంటారు. ఇంటిపనిలో జరిగిన తప్పు మనమే గుర్తుపెట్టుకోవాలి.

గుంటూరు శివార్లలో మేము ఇల్లు వేసుకుంటున్న రోజులు. శ్రావణమాసం. సెప్టిక్ ట్యాంకుకు గొయ్యి తవ్వుతున్నారు. ఎనిమిదడుగులు దిగింది, ఇంకో రెండడుగులు దిగాలి. రాత్రి పెద్ద వాన. పొద్దున్నే వెళ్ళేసరికి పల్నాడునుంచి వచ్చిన కూలీ, యాభై దాటినవాడు, పలుగు పక్కన పెట్టి గట్టుమీద గొంతుక్కూర్చుని వున్నాడు.

"నేను దిగనండి, బాబుగారూ."

మేస్త్రి మండిపడ్డాడు. "కూలి మాట్లాడుకునేటప్పుడు తెలియదా, గొయ్యి లోతుంటుందని? నిన్న దిగలా?"

"నిన్న ఈ నెర్రె లేదు."

చూశాను. గోతి అంచుకు జానెడు ఎడంగా, వేలు పట్టేటంత నెర్రె బారుగా పోయింది. నల్లరేగడి నేల నెర్రెలు విచ్చదా ఏమిటి అనుకున్నాను. తవ్విన మట్టంతా ఆ అంచుమీదే గుట్టగా వున్నది. ఎక్కడో ఒకచోట పోయాలి గదా!

సంగతి తరవాత తెలిసింది. ఘనపు మీటరు మట్టి సుమారు ఒకటిన్నర టన్నుల బరువు. గుండెలదాకా కూరుకుపోతే చాలు, ముఖం బయటే వున్నా ఊపిరికి ఛాతీ విచ్చుకోదు. వానకు తడిసిన మట్టికి బరువు పెరుగుతుంది, పట్టు తగ్గుతుంది. అంచుమీది గుట్ట దాన్ని మరింత నెడుతుంది. అంచు వెంబడే నెర్రె పడిందంటే ఆ పెళ్ళ విడివడటం మొదలైందన్నమాట. "మట్టిపెళ్ళలు విరిగిపడి కూలీల మృతి" అన్న వార్త ఎన్నిసార్లు చదివి పేజీ తిప్పామో!

చివరకు సెంట్రింగు చెక్కలు తెప్పించి రెండువైపులా ఆనించి, మధ్య అడ్డకర్రలు బిగించి, గుట్టను వెనక్కు లాగించాము. అప్పుడు అందరికన్నా ముందు అతనే దిగాడు. గొయ్యి కూలలేదు. "చూశారా, సగం రోజు దండగ" అన్నాడు మేస్త్రి. చెక్కలవల్ల నిలిచిందో, అవి లేకపోయినా నిలిచేదో ఎవరు చెప్పగలరు? సాయంత్రం అతనికి సగం కూలే ముట్టింది. మర్నాడు పనిలో కనపడలేదు. "అట్లాంటివాడుంటే మిగతావాళ్ళూ పాడవుతారండీ" అన్నాడు మేస్త్రి. స్లాబు పడేలోపల తగవెందుకని నేను వూరుకున్నాను.

అతను చేసినది మొండితనం కాదు, హక్కు. అంతర్జాతీయ కార్మిక సంస్థ 1988లో కట్టడం పనులకోసం చేసిన 167వ ఒప్పందంలో, 12వ అధికరణం ప్రకారం, ప్రాణాపాయం దగ్గరపడిందని నమ్మటానికి తగిన కారణముంటే కార్మికుడు అక్కణ్ణించి తప్పుకోవచ్చు. మన దేశంలో 2020లో చేసి 2025 నవంబరు 21నుంచి అమలులో పెట్టిన వృత్తి భద్రతా స్మృతిలోనూ 14వ సెక్షనున్నది. అపాయం తోస్తే యజమానికీ, ఇన్‌స్పెక్టరుకూ ఒకేసారి చెప్పవచ్చు. యజమాని ఒప్పుకోకపోతే ఇన్‌స్పెక్టరుదే తుదిమాట. బాగానే వున్నది. ఆయన వచ్చి తేల్చేదాకా కూలీ గోతిలో వుండాలా, గట్టున వుండాలా? ఆ ముక్క మాత్రం సెక్షనులో లేదు. కెనడాలోని ఒంటారియో రాష్ట్రపు చట్టం ఆ ముక్కే చెబుతుంది: విచారణ తేలేదాకా అతను క్షేమమైన చోట వుంటాడు, కాదన్నందుకు పనిలోంచి తీసెయ్యరాదు.

ఇంకో చిక్కు. 1996నాటి భవన కార్మికుల చట్టమైనా, ఈ కొత్త స్మృతి అయినా సామాన్యంగా పదిమందికి తక్కువున్న పనిని లెక్కలోకి తీసుకోవు. మా పనిలో మేస్త్రితో కలిపి ఏడుగురు. అంటే ఆ గట్టుమీద అతనికి అండగా నిలవగలిగిన అధికారి ఎవరయ్యా అంటే, నేనే!

ఆ రెండో సగం కూలి మనమైనా ఇవ్వవలసిందని మా ఇంట్లో ఇప్పటికీ అంటుంది. అడ్డా దగ్గర రెండుమూడుసార్లు వెతికాను. పేరైనా అడిగి వుంచుకోలేదు, ఎవరని వాకబు చెయ్యను?

మా వీధి చివర ఇప్పుడు మరొకరి ఇల్లు లేస్తున్నది. గొయ్యి తవ్వుతున్నారు, మట్టి అంచుమీదే పోస్తున్నారు. నిన్న సాయంత్రం వెళ్ళి యజమానితో చెప్పాను. "మేస్త్రికి తెలుసు లెండి" అన్నాడాయన. ఇవాళ మబ్బు పట్టింది. మళ్ళీ వెళుతున్నాను.