లిబ్రెఆఫీస్

లిబ్రెఆఫీస్ కార్యాలయపు పనులకు ఉపకరించే కంప్యూటరు ప్రోగ్రాముల సముదాయము. ఇది స్వేచ్ఛా సాఫ్ట్‌వేరు. రుసుము చెల్లించకుండా ఎన్ని కంప్యూటర్లలోనైనా దీనిని స్థాపించుకొనవచ్చును. దీని సోర్సు కోడును పరిశీలించవచ్చును, మార్చుకొనవచ్చును, ఇతరులకు పంచవచ్చును. ఇది విండోస్, మాక్‌ఓఎస్, లినక్స్‌లపై పనిచేస్తుంది. బెర్లిన్ కేంద్రముగా గల ది డాక్యుమెంట్ ఫౌండేషన్ అను లాభాపేక్ష లేని సంస్థ దీని అభివృద్ధిని పర్యవేక్షిస్తున్నది. ఫ్రెంచి, స్పానిష్ భాషలలో 'లిబ్రె' అనగా స్వేచ్ఛ గల అని అర్థము.

చరిత్ర

దీని మూలము స్టార్‌ఆఫీస్. జర్మనీకి చెందిన స్టార్ డివిజన్ అను సంస్థ దానిని రూపొందించినది. 1999లో సన్ మైక్రోసిస్టమ్స్ ఆ సంస్థను కొనుగోలు చేసి, 2000 అక్టోబరులో సోర్సు కోడును బహిరంగపరచినది. ఆ విధముగా ఓపెన్ఆఫీస్.ఆర్గ్ ఏర్పడినది. 2010లో సన్ సంస్థ ఒరాకిల్ అధీనములోనికి వెళ్ళగా, ప్రాజెక్టు భవిష్యత్తుపై సందేహించిన పలువురు సభ్యులు అదే సంవత్సరము సెప్టెంబరు 28న ది డాక్యుమెంట్ ఫౌండేషన్‌ను ప్రకటించిరి. లిబ్రెఆఫీస్ తొలి స్థిరమైన విడుదల 3.3, 2011 జనవరిలో వెలువడినది. యాజమాన్యము మారినను, కోడు అందరిదీ కావున పని ఆగలేదు.

భాగములు

* రైటర్ – లేఖలు, వ్యాసములు, పుస్తకములు వ్రాయుటకు
* క్యాల్క్ – లెక్కల పట్టికలకు
* ఇంప్రెస్ – ప్రదర్శన పలకలకు
* డ్రా – బొమ్మలు, రేఖాచిత్రములకు
* బేస్ – డేటాబేసులకు
* మ్యాథ్ – గణిత సూత్రములకు

దస్త్రముల రూపము

లిబ్రెఆఫీస్ సహజ రూపము ఓపెన్ డాక్యుమెంట్ ఫార్మాట్. ఇది 2006లో ఐఎస్ఓ ప్రమాణముగా గుర్తింపు పొందినది. దీని నిర్మాణ వివరములు బహిరంగముగా ఉన్నందున ఏ సంస్థయైనను దీనిని చదువగల ప్రోగ్రామును తయారుచేయవచ్చును. దశాబ్దముల పాటు భద్రపరచవలసిన భూమి పత్రములు, పాఠశాల రికార్డులు వంటివాటికి ఇది ముఖ్యము. మైక్రోసాఫ్ట్ ఆఫీస్ దస్త్రములను కూడ లిబ్రెఆఫీస్‌లో తెరచి, అదే రూపములో భద్రపరచవచ్చును.

తెలుగులో వినియోగము

లిబ్రెఆఫీస్ మెనూలను తెలుగులో చూచు వీలు కలదు. యూనికోడ్‌లో టైపు చేసిన తెలుగు ఏ తెలుగు యూనికోడ్ ఖతితోనైనను కనబడుతుంది. అయితే పాత డీటీపీ ఖతులతో తయారైన దస్త్రముల సంగతి వేరు. వాటిలో తెలుగు ఆకృతులు ఆంగ్లాక్షరాదుల సంకేతముల స్థానములో ఉంటాయి. ఆ ఖతి లేని కంప్యూటరులో అవి అర్థము లేని ఆంగ్లాక్షరములుగా కనబడతాయి. ఇది ఖతి వలన వచ్చిన సమస్య కావున, ఆఫీసు ప్రోగ్రామును మార్చినంత మాత్రమున తీరదు. ముందుగా ఆ పాఠ్యమును యూనికోడ్‌లోనికి మార్చుకొనవలెను.

పరిమితులు

ఇతర ప్రోగ్రాములలో తయారైన దస్త్రములను తెరచినపుడు పట్టికలు, పుటల అమరిక కొంత చెదరవచ్చును. మైక్రోసాఫ్ట్ ఆఫీస్ కొరకు వ్రాసిన మాక్రోలు అన్నియు యథాతథముగా పనిచేయవు. అందుచేత కార్యాలయములు మార్పునకు పూనుకొనునపుడు నమూనా దస్త్రములను పరీక్షించి, ఉద్యోగులకు శిక్షణ ఇచ్చుట అవసరము. సాఫ్ట్‌వేరు ఉచితమైనను ఈ శ్రమకు ఖర్చు ఉంటుంది.

ప్రభుత్వముల అనుభవము

జర్మనీలోని మ్యూనిక్ నగరము 2003లో లినక్స్‌కు మారుటకు నిర్ణయించి, తదుపరి లిబ్రెఆఫీస్‌ను స్వీకరించినది. కాని 2017లో తిరిగి విండోస్‌కు మరలుటకు నగర సభ తీర్మానించినది. అదే దేశములోని ష్లెస్విగ్-హోల్‌స్టైన్ రాష్ట్రము సుమారు 30,000 కంప్యూటర్లను లిబ్రెఆఫీస్‌కు మార్చనున్నట్లు 2024లో ప్రకటించినది.