పదమూడో కంతు

స్పిన్నింగు మిల్లులో ముప్పై ఏండ్లు పని చేసినోణ్ణి. ఇంటి అప్పు తీరకముందే రిటైరైతిని, పీఎఫ్ దుడ్డులో సగం దానికే పోయింది. అందుకే డెంకణికోటలో మా కొడుకు ఇంటికి అప్పు తీసినప్పుడు కాగితం, పెన్సిలు పట్టుకొని కూర్చున్నా.

పది లక్షలు, 9 శాతం వడ్డీ, 20 ఏండ్లు అంటే నెల కంతు సుమారు 8,997 రూపాయలు. మొదటి నెల అందులో 7,500 వడ్డీకే పోతుంది. అసలులో తగ్గేది 1,497.

కంతును రెండుగా చేసి కడితే మేలని కొందరంటారు. నెలకు రెండు సగాలైతే లాభం కొంచెమే. 14 దినాలకొక సగమైతే ఏడాదికి 26 సగాలు, అంటే 13 కంతులు. మేలు చేసేది ఆ పదమూడోదే.

మన బ్యాంకులు ఎక్కువగా నెల కంతే తీసుకుంటాయి. అయితేనేం? దీపావళి బోనస్ రాగానే ఒక కంతు ఎక్కువ కట్టండి. వడ్డీ రేటు మారకుంటే అప్పు మూడున్నర ఏండ్ల ముందే తీరుతుంది, రెండు లక్షలకు పైగా మిగులుతుంది. మారే వడ్డీ ఉన్న ఇంటి అప్పును ముందుగా తీర్చితే బ్యాంకులు జరిమానా వేయకూడదని 2012లోనే రిజర్వు బ్యాంకు చెప్పింది.

"అసలులో జమ చేయండి, కంతు కాదు, కాలం తగ్గించండి" అని రాసిచ్చి రసీదు తీసుకోండి.

పోయిన దీపావళికి మా కోడలు కొత్త చీర వద్దనింది. ఆ కంతు కట్టించింది.