ఎదురాడెడి బిడ్డలు

ఏ పని చెప్పినను “నేను చేయను” అను మాటనే ముందుగా పలికెడి బిడ్డలు కొందరుందురు. అట్టివానిని మన గోదావరి సీమలో పెంకివాడనియు, మొండిఘటమనియు అందురు. ఇరుగుపొరుగువారు తల్లి గారాబమును తప్పుపట్టుదురు. పెద్దలు దిష్టి తీయుదురు. తండ్రి చేయి చేసుకొనును. బిడ్డ మాత్రము మారడు.

మూడేండ్ల పసివాడు కాదనుట, పదునాలుగేండ్లవాడు వాదించుట ఎదుగుదలలో భాగమే. అది జబ్బు కాదు. అయితే తరచు కోపము, పెద్దలతో వాదము, కావలెనని ఇతరులను విసిగించుట, తన తప్పును పరులపై మోపుట, పగబట్టుట వంటి లక్షణములు నాలుగైనను ఆరు మాసములపాటు విడువక, తోబుట్టువులు కాని వారియెడల గూడ కనబడి, ఇంటికిని చదువునకును చేటు తెచ్చినచో వైద్యులు దానిని వేరుగా గుర్తింతురు. అమెరికా మనోవైద్య సంఘము 1980లో దీనిని తన రుగ్మతల పట్టికలో చేర్చినది. 1987 నుండి దీనిని ‘అపోజిషనల్ డిఫయంట్ డిజార్డర్’ అనుచున్నారు. ధిక్కార ప్రవర్తన రుగ్మత యని మనము చెప్పుకొనవచ్చును.

పెనుగొండలో ఒక వర్తకుని ఇంటిని ఊహించుకొందము. తండ్రి కొట్టు కట్టి ఇల్లు చేరుసరికి రాత్రి తొమ్మిది దాటును. ఎనిమిదేండ్ల కుమారుని చేతిలో సెల్‌ఫోను. “నాన్నా, అది ఇచ్చి అన్నానికి లే” అని తల్లి వంటింటినుండియే కేకవేయును. జవాబు లేదు. మూడవ కేకకు గొంతు పెరుగును. పిల్లవాడు కంచము తన్నును. “పోనీలే అమ్మాయ్, పసివాడు, కాసేపు చూసుకోనీ” అని నాయనమ్మ యనును. తల్లి ఊరకుండును. ఇల్లు సద్దుమణుగును.

ఈ సద్దుమణుగుటలోనే చిక్కున్నది. అరచినచో గెలుతునని బిడ్డ నేర్చెను. లొంగినచో ప్రశాంతి దొరకునని తల్లియు నేర్చెను. మరునాడు తండ్రి కొట్టినచో బలము గలవానిదే పైచేయి యను మూడవ పాఠము చేరును. ఓరెగాన్‌లో ఇట్టి కుటుంబములను పరిశీలించిన జెరాల్డ్ ప్యాటర్సన్ 1982లో ప్రకటించిన గ్రంథమున ఈ చక్రమునే వివరించెను. దీనికంతకు తల్లియే కారణమనుట అన్యాయమని మా అభిప్రాయము. కొందరు బిడ్డలు పుట్టుకతోనే ముంగోపులు. వారిని పెంచుటకు ఎక్కువ ఓర్పు కావలెను, ఆ ఓర్పు ఒక్కరివలన కాదు.

కనుక ఇంటివారందరును ముందుగా ఒక మాటపై నిలువవలెను. తల్లి కాదన్నదానిని నాయనమ్మ ఔననరాదు. వంటింటినుండి కేక వేయుటకు మారుగా దగ్గరకు వెళ్లి, పేరుపెట్టి పిలిచి, ఒక్క పనియే చెప్పి, కొంచెము ఆగవలెను. “ముందు అన్నమా, స్నానమా?” యని ఎన్నుకొననిచ్చినచో పంతము కొంత సడలును. మాట విన్నవెంటనే “పిలవగానే లేచితివి, సంతోషము” అని ఆ పనిని చెప్పి మెచ్చుకొనవలెను; చాల ఇండ్లలో కరవైనది ఇదియే. విననిచో ముందు చెప్పిన చిన్న నష్టమును, మరునాటికి ఫోను లేకపోవుట వంటిదానిని, కోపము లేక అమలుపరుపవలెను. తొలి దినములలో అల్లరి హెచ్చును. అప్పుడు లొంగినచో అంత హెచ్చు అల్లరియే అలవాటగును.

బడిలో దండనకు తావు లేదు. 2009 నాటి విద్యాహక్కు చట్టము 17వ సెక్షను దానిని నిషేధించినది.

వినికిడి లోపము, చదువులో వెనుకబాటు, నిలుకడలేమి, లోలోపలి దిగులు గూడ మొండితనమువలె కనబడవచ్చును. అందువలన వైద్యునికి చూపుట మేలు. 2022లో ప్రారంభమైన టెలి మానస్ సేవకు 14416 సంఖ్యపై ఉచితముగా ఫోను చేసి తెలుగులోనే మాట్లాడవచ్చును. వెళ్లుటకు ముందొక వారము, గొడవ ఏ వేళ, ఏ మాటతో మొదలై, ఎట్లు ముగిసినదో పుస్తకమున వ్రాసి తీసికొనిపోయినచో వైద్యునికి పని సులువగును.